మూడో చుట్టు

ఒకప్పుడు కుక్క వేరు, తోడేలు వేరు కాదు. అందరిదీ ఒకే జాతి. ముక్కుజాతి అనేవాళ్లు. కొండ కింద గడ్డిలో మందంతా గుండ్రంగా పడుకునేది, ఒకరి ముక్కు ఇంకొకరి తోక మీద.

అందరికన్నా ఆఖరున పడుకునేది మసకవ్వ. బాగా ముసలిది. కళ్లకు పొరలు కమ్మాయి. పడుకునే ముందు మంద చుట్టూ మూడుసార్లు తిరిగేది. మొదటి చుట్టులో కూనల్ని ముక్కుతో తాకేది. రెండో చుట్టులో పెద్దల్ని.

మూడో చుట్టు చచ్చిపోయినవాళ్లకు.

వాళ్లు పడుకునే చోట్లలో గడ్డి ఇంకా అణిగే ఉండేది. ఎన్ని వానలు పడినా లేచేది కాదు. అక్కడ ముక్కు ఆనిస్తే రాయిలా చల్లగా తగిలేది.

"ఇక్కడే ఉన్నావా తల్లీ," అని కూతురి చోటు దగ్గర అవ్వ మెల్లగా అనేది. ఆ కూతురి పిల్లలే ఎర్రచెవి, దాని తమ్ముడు గరికమీసం. తల్లిలేని ఆ ఇద్దర్నీ అవ్వే సాకింది.

ఎర్రచెవి మనుషుల మంట దగ్గరికి పోవడం మరిగింది. పగలంతా గొర్రెల వెంట తిరిగి, గంజి తాగి వచ్చేది. సగం మంద దాని వెనకే పోయేది. గరికమీసం అడవి వదల్లేదు. మిగతా సగం వాడి వెంట.

"ఏమే గంజిమొహమా, ఇవాళ మెతుకులు ఎన్ని తగిలాయి?" అనేవాడు వాడు.

"పోరా! ఆకలేస్తే చందమామను చూసి ఏడ్చేవాడివి నువ్వు!" అనేది అక్క.

ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్లు.

ఒక మధ్యాహ్నం గరికమీసం పొదచాటున వేటకు పొంచి ఉన్నాడు. పొగవాసన వచ్చింది. మనిషే అనుకుని దూకాడు. పళ్లకు చిక్కింది చిన్న చెవి. ఎర్రచెవి కూనది.

కూన బతికింది. చెవి సగమే మిగిలింది.

"వాసన చూసుకోలేదురా?" అని ఎర్రచెవి అరిచింది.

"చూశానక్కా! మన వాసన కాదది. మంట వాసన," అన్నాడు గరికమీసం.

ఆ మాటతో మందలో రభస మొదలైంది. "ఇక చాలు. రెండు జాతులైపోదాం," అన్నారు కొందరు. "ఒక కడుపున పుట్టి రెండు జాతులేమిటి, సిగ్గులేదా!" అన్నారు కొందరు. అరిచి అరిచి అలిసిపోయి, అందరూ అవ్వ వైపు తిరిగారు. అవ్వ ఏదంటే అదే.

అవ్వ మూడు రోజులు ఎటూ తేల్చలేదు. నాలుగోరోజు అడవివైపు వాడొకడు మళ్లీ పొగవాసన మీద దూకాడు. ఈసారి పళ్లు ఇంకో కూన మెడలో దిగాయి. ఆ కూన లేవలేదు.

ఆ సాయంత్రం మూడో చుట్టులో అవ్వ ముక్కుకు కొత్త చోటొకటి తగిలింది. అరచేయంత చోటు.

మర్నాడు అవ్వ పొగమంచు దగ్గరికి పోయింది. ఊళ్లోకీ అడవిలోకీ అడగకుండా వెళ్లేది పొగమంచే. దానికి ముఖం లేదు. మాట నాలుగువైపులనుంచీ వచ్చేది.

"విడదీయమంటే విడదీస్తాను," అంది పొగమంచు. "కానీ గీత గీస్తే జాతులు విడిపోవు. ఒకరి తలలోంచి ఇంకొకర్ని తుడిచెయ్యాలి. అప్పుడు ఎవరి దారి వాళ్లది. ఎదురుపడినా తప్పుకుపోతారు."

"నా తలలోంచి కూడానా?"

"ముందు నీ తలలోంచే."

"నేను కూడా మరిచిపోతే అడవికి పోయినవాళ్లను తలుచుకునేది ఎవరు?"

అవ్వకు అరచేయంత చోటు గుర్తొచ్చింది.

"సరే. తలల్లో ఉన్నదంతా తీసుకో," అంది. "మా కాళ్లలో ఉన్నది మాత్రం ముట్టుకోకు."

పొగమంచు నవ్వింది. ఆ నవ్వు లోతునీళ్లలో రాయి మునిగినట్టుంది. "కాళ్లలో ఏముంటుందే ముసలీ? ఉంచుకో."

పొద్దు వాలుతుండగా మందంతా ఆఖరుసారి గుండ్రంగా పడుకుంది. గరికమీసం అవ్వ పాదాల మీద ముక్కు పెట్టాడు.

"నన్ను మరిచిపోతావా అవ్వా?"

"మరిచిపోతాను నాయనా. నువ్వూ మరిచిపో. కడుపునిండా తిని బతుకు."

పొగమంచు కొండ దిగింది. ముందు చెట్లు పోయాయి. తర్వాత తోకలు పోయాయి. తర్వాత ముఖాలు. ఏ చప్పుడూ లేదు. ఆ తెల్లదనంలో ఎవరో "అవ్వా" అని పిలిచారు. ఇంకోసారి పిలిచారు. ఆ గొంతు ఎవరిదో అవ్వకు తెలియలేదు.

పొగమంచు విడిపోయేసరికి సగం మంద లేదు. అడవి అంచున ఒక జంతువు నిలబడి ఇటే చూస్తోంది. ఎర్రచెవికి వీపు మీద వెంట్రుకలు లేచాయి. "ఎవడ్రా అది!" అని గుర్రుమంది. ఆ జంతువూ గుర్రుమంది. కాసేపు చూసి, చెట్లలోకి పోయింది.

అవ్వ పడుకోబోయింది. కాళ్లు పడుకోనివ్వలేదు. ఒక చుట్టు తిరిగాయి. రెండో చుట్టు తిరిగాయి. మూడో చుట్టులో ఎక్కడ చూసినా గడ్డి అణిగే ఉంది.

"ఇంతమంది ఎప్పుడు పోయారు?" అనుకుని అవ్వ ముక్కు ఆనించింది. ఉలిక్కిపడి వెనక్కు తీసుకుంది.

ఆ చోటు వెచ్చగా ఉంది.

"ఏం వెతుకుతున్నావవ్వా?" అంది ఎర్రచెవి.

"ఏమో తల్లీ. నాకు తెలియదు. కాళ్లకేదో తెలుసు."

ఆ వెచ్చటి చోటు మీదే అవ్వ మళ్లీ మళ్లీ తిరిగింది. అది చల్లారకముందే అందులో ముడుచుకుని పడుకుంది. చెవి తెగిన కూన లేచి తనూ గిరగిరా తిరిగింది. మిగతా కూనలూ లేచాయి. అదే సమయంలో అడవిలో ఎండుటాకుల మీద ఇంకెవరో తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

అప్పటినుంచే ఊళ్లో కుక్క, అడవిలో తోడేలు పడుకునే ముందు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతాయి. నేల వాసన చూసి, కాసేపు ఆగి, మళ్లీ తిరుగుతాయి. దేనికోసమో వాటికి గుర్తులేదు. కాళ్లు మాత్రం ఇంకా మరిచిపోలేదు.