చౌడునేల మీద చట్టం

ఊ కొట్టేవారుంటే చెప్పేవారికి అలుపు తెలియదంటారు. ఊ కొట్టండి, చెబుతాను.

అనగనగా కొండల నడుమ ఒక అడవి, ఆ అడవి మధ్యలో ఒక చౌడునేల. తెల్లగా పొరలు కట్టిన అక్కడి ఉప్పుమట్టిని నాకితే తప్ప పిల్లలకు ఎముక గట్టిపడదు, తల్లులకు పాలు నిలవవు. గడ్డి మేసే ప్రాణి ఏదైనా అక్కడికి రాక తప్పదు. అందరూ వచ్చే చోటు గనుక అడవి సభ కూడా అక్కడే కొలువుదీరేది. రాజు పెద్దపులి, మంత్రి నక్క. కొత్త చట్టం రావాలంటే సభలోని ప్రతి జంతువూ కాలితో నేల తట్టాలి. ఒక్క కాలు ఆగినా చట్టం ఆగినట్టే. చట్టం కోరినవారు అందరికన్నా చివర తట్టాలి. అది తాతల నాటి ఆచారం.

ఆ అడవిలో పొడలమ్మ అనే దుప్పి ఉండేది. పోయిన వేసవిలో దాని పెద్దకొడుకును ఇదే చౌడునేల అంచున దుమ్ములగొండి ఎత్తుకుపోయింది. పులి తిని వదిలిన ఎముకలను కొరికి శుభ్రం చేసేది దుమ్ములగొండే గనుక దానికి సభలో పెద్దపీట. పొడలమ్మ ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు విన్న పెద్దల వరుసలో దుమ్ములగొండి కూడా కూర్చుని తల ఊపుతూ విన్నది. కళ్ళారా చూశానని, సాక్ష్యం చెబుతానని ముందుకు వచ్చిన కుందేలు మరునాటికి లేదు. పొద దగ్గర నాలుగు వెంట్రుకలు మాత్రం గాలికి ఊగుతూ కనిపించాయి. దుప్పుల తరఫున మాట్లాడతాడని మంద అంతా కలిసి సభకు పంపిన పెద్దకొమ్ముల జింక కణుజు, ఎండ ముదరగానే పులి నీడలోకి జరిగి అక్కడే స్థిరపడ్డాడు. తీర్పు వాయిదా పడింది. ఆకులు రాలాయి, మళ్ళీ చిగురించాయి. తీర్పు అక్కడే ఉంది.

పొడలమ్మ కోరికలు ఇలా పుట్టాయి. ఒక్కొక్క దెబ్బ దగ్గర ఒక్కొక్క కోరిక. మిగిలిన ఒక్క కూతురు జాజి ఒంటిని నాకుతూ వాటిని తనలో తాను చెప్పుకునేది.

"నేరం మోపబడినవాడు అది తేలేదాకా చౌడునేల తొక్కరాదు. ఫిర్యాదు చేసిన ఋతువులోనే తీర్పు రావాలి. సాక్షిని కాపాడవలసినది రాజు. మంద పంపగా వచ్చినవాడు మరొకరి నీడకు చేరితే ఆ పీట మందకే తిరిగి రావాలి. చట్టం చీమకూ పులికీ ఒక్కటే కావాలి."

"ఇవన్నీ జరిగితే అన్న తిరిగి వస్తాడా అమ్మా?" అని అడిగింది జాజి.

"రాడు తల్లీ. నువ్వు ఉంటావు."

తొలకరి మబ్బులు కమ్ముతున్న ఒక సాయంత్రం సభ కొలువుదీరింది. పొడలమ్మ మధ్యకు వచ్చి తన కోరికలన్నీ చెప్పింది. పులి ఆవలించి మంత్రి వైపు చూసింది.

"ఆహా!" అన్నది నక్క, కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత చక్కటి కోరికలమ్మా! ఇంతకాలం మాకు తోచనందుకు మేము సిగ్గుపడాలి. కాని తల్లీ, అన్నీ ఒకేసారి మింగితే గొంతుకు అడ్డం పడుతుంది. ముందు ఒకటి కానిద్దాం. మిగిలినవి వచ్చే సభకు."

పొడలమ్మ ఆలోచించింది. దుమ్ములగొండి ఈ నేల మీద అడుగు పెట్టకపోతే చాలు, జాజి బతుకుతుంది. "మొదటిదే కానివ్వండి మంత్రిగారూ," అన్నది.

నక్క ఒక్కొక్క జంతువు దగ్గరకూ వెళ్ళి చెవిలో ఏదో చెప్పసాగింది. తన కోసం ఇంత శ్రమపడుతున్నదే అని పొడలమ్మ గుండె కరిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చెవి కొరికించుకున్న ప్రతి జంతువూ లేచి నిలబడసాగింది.

"మోపితే చాలా? తేలనక్కరలేదా?" అని కోతి గంతులు వేసింది. "తేనెటీగలు నా మీద పొద్దున లేస్తే ఏదో ఒకటి మోపుతూనే ఉంటాయి. కొమ్మలెక్కేవారిని వదిలెయ్యండి. అప్పుడు తడతాను."

"పాములు మా వంశం మీద పెట్టుకున్న పగ ఈనాటిదా?" అన్నది నెమలి. "ఎగిరేవారిని వదిలెయ్యాలి."

"నువ్వూ ఎగురుతావటే? పొద దాటడానికే ఆయాసం నీకు!" అన్నది కోతి.

"నోరు ముయ్యరా, పండ్ల దొంగా!"

ఏనుగు తొండమున్నవారికి మినహాయింపు అడిగింది. కణుజు పొడలమ్మ వైపు చూడకుండానే కొమ్ములున్నవారికి అడిగాడు. కుందేళ్ళు బొరియల్లో ఉండేవారికి అడిగాయి.

"మా పందులకు..." అని అడవిపంది మొదలుపెట్టింది.

"జాతి పేరు పెట్టి చట్టం చేస్తే పక్షపాతమంటారు వరాహంగారూ," అని నక్క మెత్తగా అడ్డుతగిలింది. "కోరలున్నవారికి అందాం. మర్యాదగా ఉంటుంది."

"ఏదైతే నాకేం? నన్ను వదిలితే చాలు," అన్నది పంది.

పక్కనే ఉన్న ముసలి ముళ్ళపంది పొడలమ్మ చెవి దగ్గరకు వచ్చింది. "అమ్మాయ్, ఇన్ని తూట్లు పడ్డ కుండకు మూత ఎంత గట్టిగా పెడితే ఏం లాభమే?"

"కుండ అంటూ ఉంటే తూట్లు తరవాత పూడ్చుకోవచ్చు అవ్వా. ఒక్క కాలు ఆగినా అసలుకే మోసం."

"అవ్వగారూ," అని నక్క అప్పుడే అటు తిరిగింది. "ముళ్ళున్నవారిని కూడా వదులుదామా?"

ముళ్ళపంది ఏదో చెప్పబోయింది. పొడలమ్మను చూసింది, తన ముళ్ళను చూసుకున్నది. తల వంచుకుని నేల తట్టింది.

తమకూ ఒక దారి అడగాలని ఆడదుప్పులకు తోచలేదు. మేము ఏ పాపం చేశామని, అనుకున్నాయి. ఒకదాని తరవాత ఒకటి కాళ్ళు నేలను తట్టాయి. దుమ్ములగొండి అందరికన్నా హుషారుగా తట్టింది. ఎందుకో అని పొడలమ్మ మనసు ఒక్క క్షణం తటపటాయించింది. కాని ఏడాదిగా ఎదురుచూసిన క్షణమది. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. చివరగా తన గిట్టను ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి, నేలను తట్టింది.

"చట్టమయింది!" అన్నది పులి.

ఆ మాట గాలిలో ఉండగానే దుమ్ములగొండి లేచింది. "ప్రభూ, ఒక ఫిర్యాదు. ఈ పొడలమ్మ ఏడాదిగా నా మీద నింద వేసి నా పరువు తీస్తున్నది. ఇది నేరం."

"మోపబడింది," అన్నది నక్క. "తల్లీ, చౌడునేల దిగు."

పొడలమ్మకు మొదట అర్థం కాలేదు. "నేనా? మరి దుమ్ములగొండి మీద నా ఫిర్యాదు ముందునుంచీ ఉన్నది కదా మంత్రిగారూ?"

"ఉన్నది. కాని వారికి కోరలున్నాయి కదమ్మా. వరాహంగారు అడిగినప్పుడు నువ్వు కాదనలేదు. నీకు కొమ్ములా? లేవు. రెక్కలా? లేవు. మేమేం చేస్తాం?"

"అయితే నా మీది నేరం ఎప్పుడు తేలుస్తారు?"

"తీర్పు త్వరగా రావాలన్న నీ కోరిక వచ్చే సభకు పెట్టుకున్నాం కదా, మరచిపోయావా?"

సభలో ఎవరో నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. నవ్వనివారు కూడా లేచి నిలబడలేదు.

ఆనాటి నుంచి పొడలమ్మ చౌడునేల అంచున, గడ్డి ఆగిపోయే చోట నిలబడి ఉండేది. జాజి కూడా తల్లిని వదిలి అటు వెళ్ళేది కాదు. వానలు ముదిరేసరికి బిడ్డ మోకాళ్ళు వంకర తిరిగాయి. లేచి నిలబడితే ఒళ్ళంతా వణికేది. తల్లి పాలు ఎండిపోయాయి. ఇక తప్పక ఒకనాడు పొడలమ్మ, తోటి దుప్పుల వెంట బిడ్డను పంపింది. "అత్తల నడుమనే ఉండు తల్లీ. నాకి వెంటనే వచ్చెయ్. నేను ఇక్కడే ఉంటాను, చూస్తూ ఉంటాను."

జాజి వెళ్ళింది. ఉప్పు నాలుకకు తగలగానే తోక ఆడించి, వెనక్కి తిరిగి తల్లిని చూసింది.

పొదలో నుంచి దుమ్ములగొండి నింపాదిగా నడిచి వచ్చింది. దానికి పరుగెత్తవలసిన పని లేదు, దాక్కోవలసిన పని అంతకన్నా లేదు. దుప్పులు చెల్లాచెదురయ్యాయి. వంకర కాళ్ళ జాజి మాత్రం లేవబోయి పడింది, మళ్ళీ లేవబోయింది.

పొడలమ్మ దూకింది. కణుజు, అడవిపంది కలిసి అడ్డంగా నిలబడ్డారు.

"ఆగక్కా! చట్టం," అన్నాడు కణుజు. గొంతులో జాలి ఉంది, కొమ్ములు మాత్రం వంచే ఉన్నాయి. "ఇది నువ్వు కోరినదే."

"నా బిడ్డరా! జరగరా!"

"నువ్వు తొక్కితే నిన్ను ఆపలేదని రేపు పులికి మేమే జవాబు చెప్పుకోవాలి," అన్నది పంది.

"అమ్మా!" అన్న పిలుపు ఒక్కసారి వినిపించింది. పెనుగులాడి, భుజం చీల్చుకుని, పొడలమ్మ వారిద్దరి నడుమ నుంచి బయటపడేసరికి, తడిసిన తెల్లమట్టి మీద చిన్నచిన్న గిట్టల గుర్తులు పొద వైపు కొంత దూరం వెళ్ళి ఆగిపోయి ఉన్నాయి. వాన మళ్ళీ మొదలైంది. పొడలమ్మ ఆ గుర్తుల మీద నాలుగు కాళ్ళూ చాచి, ఒక్క చినుకూ పడనివ్వకుండా నిలబడింది.

తనొక్కడికి దారి వదలమని ప్రతివాడూ అడిగిన కంచెలో, చివరికి చిక్కుకునేది ఏ దారీ అడగనివాడే.

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పినది మా అమ్మమ్మ, ఆత్మకూరు వీరనాగమ్మ.