జీడితొక్క బొగ్గు

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం కూర్మయ్య మాస్టారి ఒంట్లో లేదు. రాతిబొగ్గును కాల్చి గట్టి కోక్ బొగ్గుగా మార్చే బట్టీల దగ్గర ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. ఎవరేమడిగినా అక్కడ జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఆయన దగ్గర పని నేర్చి మేస్త్రీ అయిన దాలినాయుడు ఒక ఆదివారం వచ్చి, "మాస్టారూ, కొత్తగా చేరిన ముగ్గురూ పాతవాళ్లతో కలవడం లేదు. వాళ్లవల్ల అందరి పనీ చెడుతోంది. రేపు పంపించేద్దామనుకుంటున్నాను. తప్పంటారా?" అని అడిగాడు.

మాస్టారు తన సంగతే ఎత్తుకున్నారు. జీడితొక్కను కాల్చి బొగ్గుచేసే ఆడవాళ్లు పన్నెండుమంది ఒకప్పుడు ఆయన బట్టీకి సరుకు తెచ్చారట. రాతిబొగ్గులో అది కొంత కలిపినా కోక్ గట్టిగా దిగితే ఏడాదంతా కొంటానన్నాడు యజమాని. లేదంటే వాళ్ల పొయ్యిలు ఆరినట్టే. మాస్టారు దాన్ని రాతిబొగ్గులో చల్లి కాల్చారు. దిగిన కోక్ గట్టిదనం చూడ్డానికి డ్రమ్ములో వేసి తిప్పితే సగం పొడి. మరింత మెత్తగా నూరి చల్లితే ఇంకా పొడి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సరుకే పనికిరాదని తేల్చేశారు ఆయన.

ఆ ఆడవాళ్ల పెద్ద ఎర్నమ్మ మాత్రం కదల్లేదు. "బాబూ, ఊకని పొయ్యిలో చల్లితే బూడిదే. పేడలో పిసికి పిడక కొడితే నిలబడతాది. మా బొగ్గుని ఊకలా చల్లేసి నిలబడమంటే నిలబడతాదేటి?" అంది.

మాస్టారికి సిగ్గేసింది. మూడోసారి తొక్కబొగ్గులో రాతిబొగ్గు పొడీ తారూ కలిపి, గట్టిగా ఒత్తి బిళ్లలు చేయించి, వాటిని రాతిబొగ్గు మధ్య వేసి కాల్చారు. మర్నాడు బట్టీలోంచి కోక్ దించి నీళ్లతో ఆర్పుతుంటే ఎర్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఒక ముక్క ఇనప రేకు మీద పడేస్తే ఖంగుమంది. డ్రమ్ములో తిప్పినా చెక్కుచెదరలేదు.

"బతికించావు తండ్రీ!" అంటూ ఆవిడ అక్కడే కూలబడింది. "నాకూ పోయిన ప్రాణం లేచొచ్చిందిరా," అన్నారు మాస్టారు దాలినాయుడితో, ఇప్పుడే జరిగినట్టు ఊపిరి వదులుతూ.

దాలినాయుడు నవ్వాడు. ముగ్గురి సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

"ఇంతకీ ఆ ముగ్గురినీ పనిలో ఎలా వేశావు?" అని అడిగారు మాస్టారు.

"తలో షిఫ్టులో ఒక్కొక్కణ్ణి. రోజూ ఎక్కడ చెయ్యి తక్కువైతే అక్కడికి."

"చల్లావన్నమాట," అన్నారు మాస్టారు.