చేతికందే బ్రేకు

చెప్పిన మాట చెప్పినట్టు చేసే తెలివి ఈ భూమ్మీద తమ ఇంటికే ఉందని తొండపూడి గవర్రాజుకి గట్టి నమ్మకం. తమ్ముళ్ళు సూరిబాబు, పల్లయ్యా కూడా అంతే. కాలికి దెబ్బ తగిలినప్పుడు డాక్టరు నీళ్ళు తగలనివ్వొద్దన్నాడని, మంచినీళ్ళు తాగడం కూడా మానేసిన మనిషి పల్లయ్య. "లోకంలో అందరూ సగం విని, మిగతా సగం ఊహించుకుంటారర్రా. అందుకే పాడైపోతున్నారు" అనేవాడు గవర్రాజు.

ఆ ఇంట్లో ఊహించుకునే మనిషి ఒక్కర్తే, గవర్రాజు పెళ్ళాం మంగతాయారు. ఓ రోజు మొగుడి మోటారుసైకిలు బండి వెనకెక్కి సంతకి బయల్దేరింది. హ్యాండిలుకుండే బ్రేకు లివరు ఎప్పుడో సగానికి విరిగింది, క్లచ్చి లివరు వంకరపోయింది. ఎదురుగా గేదె. గవర్రాజు వేళ్ళు చాపాడు. బ్రేకు అందలేదు. ఇంకేముంది, గేదె రోడ్డు మీదే ఉంది, మొగుడూ పెళ్ళాం పేడలో ఉన్నారు.

మంగతాయారు లేచి చీర దులుపుకుంది. "చేతికి అందే బ్రేకు వేయించుకుని రండి. అప్పుడే ఆ బండెక్కుతాను. అందాకా నా మొహం చూడొద్దు!" అని అట్నుంచటే పుట్టింటికి పోయింది.

అంతే, గవర్రాజు ఇంటికొచ్చి గోడ మీది పెళ్ళి ఫోటోలో ఆమె మొహానికి తువ్వాలు కప్పేశాడు. మాటంటే మాటే. కానీ ఆ తువ్వాలు చూసినప్పుడల్లా కళ్ళనీళ్ళొచ్చేవి. ఆమె లేని ఇంట్లో కూర్చోబుద్ధి అయ్యేది కాదు, నుంచోబుద్ధి అయ్యేది కాదు.

అన్నదమ్ములు బండి తోసుకుంటూ టౌనులో స్పేరుపార్టుల కొట్టుకెళ్ళారు. కొట్టతను అబ్బులు ఓ లివర్ల పెట్టె తెరిచాడు. ఎర్రవి, నల్లవి, బంగారు రంగువి, పొట్టివి, పొడుగువి.

"ఈ బండికి కంపెనీ లివర్లు రావట్లేదండి. ఇవి బయట చేసినవి. రంగు చూసి మోసపోకండి, చెయ్యి చూసుకుని ఎంచుకోవాలి. ఉండండి, పాతవి విప్పుతాను. మీరు బండి గట్టిగా పట్టుకోండి, వదలకండి."

గవర్రాజు పట్టుకున్నాడు. అబ్బులు పాతవి విప్పి, స్టాండు వేసి, "ఇప్పుడు కొత్తవి పట్టుకు చూడండి" అన్నాడు.

"చూడమంటున్నాడు అన్నయ్యా" అన్నాడు సూరిబాబు.

"నేనెలా చూస్తాన్రా? బండి వదలొద్దన్నాడుగా! మీరు చూడండి."

అంతే, తమ్ముళ్ళు చూశారు. సూరిబాబువి కురచ వేళ్ళు. పొట్టి బ్రేకు అతనికి అతికినట్టు సరిపోయింది. పల్లయ్యవి జానెడు వేళ్ళు. పొడుగు క్లచ్చి అతనికి నప్పింది.

"రెండూ ఒక మనిషికే చూడాలండీ బాబూ!" అని అబ్బులు మొత్తుకున్నాడు.

"ఆ మాట ముందు చెప్పలేదుగా. ముందు చెప్పిందే ముందు చెల్లాలి" అన్నాడు గవర్రాజు.

అబ్బులు ఇక వాదించలేక బిగించేశాడు. "రెండేసి వేళ్ళతో నొక్కితే చాలండి. కానీ రోడ్డెక్కాక ఆ వేళ్ళు లివరు మీంచి తియ్యకండి" అని చెప్పి భోజనానికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గవర్రాజు ఇంకా బండి పట్టుకునే ఉన్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేటండీ!"

"వదలమని మీరనలేదుగా."

"వదలండి మహాప్రభో!"

ఎవరి చేతికి చూసిన లివరు వాళ్ళే పట్టుకోవాలి కదా. సూరిబాబు ముందు కూర్చుని బ్రేకు మీద వేళ్ళేశాడు. పల్లయ్య వెనక నుంచి చెయ్యి చాపి క్లచ్చి పట్టుకున్నాడు. గవర్రాజు చివర వేలాడుతూ "క్లచ్చి! బ్రేకు!" అని అరిచాడు. అరుచుకుంటూ అరుచుకుంటూ అత్తారింటి ముందు ఆగారు.

అత్తగారు కాళ్ళకి నీళ్ళిచ్చి లోపలికి రమ్మంది.

"రోడ్డు మీదున్నామండి, వేళ్ళు తియ్యకూడదు" అన్నారు తమ్ముళ్ళు. ఇంకేముంది, ఆవిడ పెసరట్లు వేసి తెచ్చి, బండి మీదే ఇద్దరి నోట్లో పెట్టింది. వీధంతా వచ్చి నవ్వింది. మనలాంటి తెలివైనవాళ్ళని చూసి ముచ్చటపడుతున్నారని గవర్రాజు పొంగిపోయాడు.

మంగతాయారు గుమ్మంలోకి వచ్చింది. గవర్రాజు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. "తాయారూ, బ్రేకు వేయించాను. మొహం చూడొచ్చా?"

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ముందు బండి తోయించి బ్రేకు నొక్కించింది. టక్కున ఆగింది. పెళ్ళయ్యాక ఆ బండి అనుకున్నచోట ఆగడం ఆమె చూడ్డం అదే మొదలు.

"చూడండి. వస్తాను. మరి నేనెక్కడ కూర్చోను?"

గవర్రాజు ఆలోచించాడు. తమ్ముళ్ళు వేళ్ళు తియ్యకూడదు. లివరు లేనిది తనొక్కడికే. అంతే, గభాల్న దిగిపోయాడు. "ఎక్కు!"

"మరి మీరో?"

"నా చేతిలో ఏ లివరుందని?"

ఆమె బ్రేకు వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఎక్కేసింది. బండి వెళ్ళిపోయింది. పెళ్ళాం ఇంటికి చేరుతోందని గవర్రాజు ఆనందంతో చెమ్మగిల్లిన కళ్ళు తుడుచుకున్నాడు.

"అల్లుడుగారూ, సాయంత్రం బస్సుందండి మీకు" అన్నాడు మావగారు.

బస్సొచ్చింది. గవర్రాజు ఎక్కి, తిన్నగా డ్రైవరు దగ్గరికెళ్ళి, "బ్రేకెక్కడండీ?" అన్నాడు.

"కాలి కిందండి."

వంగి చెయ్యి చాపాడు. అందలేదు. దిగిపోయాడు.

"చేతికి అందితేనే ఎక్కాలి మావయ్యగారూ, మీ అమ్మాయి నేర్పిన మాటే. అందాకా నా మొహం కూడా చూడొద్దని మా ఇంటికి కబురు పెట్టండి."

కబురందింది. పల్లయ్య వెంటనే పెళ్ళి ఫోటోలో వదిన మొహం మీది తువ్వాలు తీసి, జాగ్రత్తగా అన్నయ్య మొహం మీద కప్పాడు.