కాకి మావ వేసిన ముడి

జొన్నచేని గట్టున పాడుబడ్డ బావి, బావి మీదికి వంగిన ఈతచెట్టు, చెట్టు నిండా గిజిగాళ్లు. తొలకరి పడిందంటే వాటి గోల ఇంతా అంతా కాదు. మగవాళ్లు సగం గూడు అల్లి, దానికి వేలాడుతూ పిలుస్తారు. ఆడవాళ్లు వచ్చి పీకి చూస్తారు. నచ్చితే సంసారం, నచ్చకపోతే మళ్లీ మొదటికి.

సూరిగాడొక్కడే గూడు కట్టడం లేదు. వాడి తలమీద పసుపు ఇప్పుడిప్పుడే ఎక్కుతోంది, అంటే మనలో నూనూగు మీసాల వయసన్నమాట. వాడూ, వాడి నేస్తం పోలిగాడూ ఒకే ఈతమట్టన అల్లడం నేర్చుకున్నారు. మొన్నామధ్య పోలిగాణ్ణి డేగ ఎత్తుకుపోయింది. వాడి సగం గూడు గాలికి ఊగుతుంటే చూడలేక, చూడకుండా ఉండలేక సూరిగాడు చిక్కి సగమయ్యాడు.

సరిగ్గా అప్పుడే దిగబడ్డాడు కాకి మావ.

"అల్లుడూ, నీ బాధ చూడలేకపోతున్నాన్రా. మనుషులు పోయినవాళ్ల కోసం ముద్ద ఎవరికి పెడతారు? నాకే గదా! నా నోట్లో పడితే పోలిగాడి కడుపులో పడ్డట్టే."

"నిజంగానా మావా?"

"నీ మీద ఒట్టు!"

ఇంకేముంది, సూరిగాడికి దొరికిన ప్రతి మిడతా కాకి నోట్లోకే. తిన్నాక కాకి మావ కళ్లు మూసుకుని, "ఇంకా ఆకలంటున్నాడ్రా పాపం" అనేవాడు. పస్తుండి మరీ సూరిగాడు మళ్లీ వేటకెళ్లేవాడు. గూడు మాటెత్తితే, "ఛీ, నేస్తం పోతే నీకు గూడేంటిరా? వాడేమనుకుంటాడు?" అని కసిరేవాడు మావ.

ఒక పొద్దున ముత్తెం వచ్చి వాలింది. బతికున్నన్నాళ్లూ పోలిగాడు "అదిగో మీ ఆవిడ!" అని సూరిగాణ్ణి ఏడిపించింది ఈ పిల్ల పేరుతోనే. సూరిగాడి గుండె దడదడలాడింది. వాడు లేకుండా నాకీ సంతోషమేంటని వెంటనే సిగ్గూ వేసింది.

"నీ గూడేదీ?" అంది ముత్తెం.

"కట్టను. పోలిగాడు ఊరుకోడు. కావాలంటే మావనడుగు."

సంగతంతా విని ముత్తెం కాకిని ఎగాదిగా చూసింది.

"అయితే మావా, పోలిగాడి నోరు నీ దగ్గరే ఉందన్నమాట?"

"ఉంది మరి!"

"ఆ నోటితోనే వాడి గూటికి ఒక్క ముడి వెయ్యి. వాడికి చిటికెలో పని."

"ముడా? అమావాస్య పూట వెయ్యకూడదే..."

"ఇవాళ అమావాస్య కాదు."

"వెయ్యి మావా, ఒక్కటే" అన్నాడు సూరిగాడు ఆశగా.

తప్పేదేముంది? కాకి మావ పీచు ముక్కున పట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పీచు ముక్కుకి చుట్టుకుంది, లాగితే కాలికీ చుట్టుకుంది. ఆఖరికి మావ తలకిందులుగా వేలాడాడు. కావుమందామన్నా నోరు పెగల్లేదు.

చెట్టు చెట్టంతా పకపకా నవ్వింది. సూరిగాడూ నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూనే భోరుమన్నాడు.

"వాడు నిజంగానే పోయాడు ముత్తెం. ఒక్క మిడతా వాడికి అందలేదు."

ముత్తెం పక్కకొచ్చి కూర్చుంది. ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చి, "వాడు ముడి ఎలా వేసేవాడు?" అంది.

సూరిగాడు వేసి చూపించాడు. ఒకటి వేశాక ఇంకోటి వెయ్యబుద్ధేసింది. పొద్దు వాలేసరికి పోలిగాడి గూడు ముప్పాతిక దాకా వచ్చింది.

"గుమ్మం వంకర" అంది ముత్తెం.

"వాడూ ఇలాగే వంకరగా పెట్టేవాడు."

"సరే, రేపు నువ్వు సరిచెయ్యి. వచ్చి చూస్తా."

కాకి మావ కట్లు విప్పింది కూడా సూరిగాడే. ఆ సాయంత్రం మావ జొన్నచేలో తన మిడతల్ని తనే తరుముకుంటూ కనబడ్డాడు. అలవాటు తప్పింది కదా, ఒక్కటీ చిక్కలేదు.

నీతి: పోయినవాళ్ల పేరు చెప్పి ఎవడైనా నీ దగ్గర తింటుంటే, ముందు వాళ్లు చేసే పని వాడిచేత ఒక్కటి చేయించి చూడు.