ముక్కెర కట్టుకున్న మట్టిగోడ

అనగనగా ఒక కొండ అడవిలో, పాత మద్దిచెట్టు తొర్రలో ముక్కెర అనే కొమ్ముముక్కు పిట్ట కాపురముండేది. ఈ పిట్టల తీరే వేరు పిల్లలూ! గుడ్లు పెట్టే వేళకు ఆడపిట్ట తొర్రలో కూర్చుని వాకిలిని మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. మగపిట్ట అందులోంచి మేత అందిస్తుంది. లోపల ఆమె రెక్కల ఈకలు రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. ముక్కెర కూడా అలాగే గోడ కట్టుకుని గుడ్లు పొదుగుతోంది.

ఒకరోజు మేతకు వెళ్లిన ముక్కెర మొగుడు గాలివానలో చిక్కుకున్నాడు. ఇక తిరిగి రాలేదు. పాపం, ముక్కెర గుండె పగిలేలా ఏడ్చింది.

ఆ ఏడుపు విని ముగ్గురు నేస్తాలు వచ్చారు. ఉడుత చారలమ్మ మేడిపండు తెచ్చి, "తిను వదినా," అంది.

"వద్దమ్మా! గూట్లో ఉన్న ఆడది మొగుడి ముక్కు నుంచే తినాలి. అది మా ఆచారం," అంది ముక్కెర.

గోరింక పలుకులమ్మకు ఒళ్లు మండింది. "నువ్వు పస్తుంటే ఆ గుడ్ల గతేం కాను? ఆచారం వచ్చి పొదుగుతుందా? ముందు నోరు తెరు!" అని కసిరింది.

ముక్కెర నోరు తెరిచింది. కన్నీళ్లతోనే పండు మింగింది.

అప్పటినుంచి పొద్దున ఉడుత, మధ్యాహ్నం గోరింక మేత తెచ్చేవారు. మూడో నేస్తం తాబేలు నిదానమ్మ. చెట్టెక్కడం ఆమె వల్ల అయ్యే పనేనా! రోజూ సాయంత్రం చెట్టు మొదట్లో కూర్చుని, "ముక్కెరా, అడవితల్లికి దండం పెట్టుకుందామా?" అని పిలిచేది. పైన ఒకరు, కింద ఒకరు దండం పెట్టుకునేవారు.

"ఈమె తెచ్చేది మాటలే!" అని గోరింక నవ్వేది.

గుడ్లు పిల్లలయ్యాయి. ఇంతలో ముసురు పట్టింది. వాగు పొంగింది. మేతకు వెళ్లిన ఉడుత, గోరింక అవతలి ఒడ్డున చిక్కుకుపోయారు. పిల్లలు ఆకలికి అల్లాడుతున్నాయి. ఇదే అదనని ఒక ఉడుము చెట్టెక్కింది.

"అక్కా, నీ నేస్తాలు నిన్ను మరిచిపోయారు. గోడ పగలగొట్టుకుని వెళ్లి మేత తెచ్చుకో. పిల్లల్ని నేను చూసుకుంటాగా!" అంది తియ్యగా.

ఎగరలేనని తెలిసినా, పిల్లల ఆకలి చూడలేక ముక్కెర గోడను పొడవడానికి ముక్కెత్తింది.

అప్పుడే కిందినుంచి గొంతు వినిపించింది. "ముక్కెరా! తడిసి ముద్దయ్యాను. అందుకే ఆలస్యమైంది. దండం పెట్టుకుందామా?"

ముక్కెర ముక్కు దించింది. "ఇంత వానలో నువ్వొచ్చావంటే వాళ్లూ వస్తారక్కా. తల్లి మనల్ని వదలదు," అంది. సందులోంచి ముక్కు చాచి ఉడుము కాలి మీద ఒక్క పోటు పొడిచింది. ఉడుము దబ్బున కిందపడి, కుంటుకుంటూ పారిపోయింది.

తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది. ఉడుత, గోరింక నోటినిండా పండ్లతో వచ్చేశారు. పిల్లలు క్షేమంగా ఉన్నాయని చూసి ఇద్దరికీ కళ్లు చెమర్చాయి.

కొన్నాళ్లకు ముక్కెరకు కొత్త ఈకలు వచ్చాయి. గోడ పగలగొట్టి బయటికొచ్చింది. మొట్టమొదట ఒక పండు తెచ్చి తాబేలు ముందు పెట్టింది.

"నేను నీకు ఒక్క పండైనా పెట్టలేదే!" అంది తాబేలు మొహమాటపడుతూ.

"ఆ సాయంత్రం నువ్వు పిలవకపోతే నా పిల్లలు దక్కేవాళ్లు కాదక్కా," అంది ముక్కెర.

గోరింక తాబేలు పక్కన వాలింది. తర్వాత నెమ్మదిగా, "నిదానమ్మక్కా, ఇవాళ దండానికి నన్నూ పిలువు," అంది.

నీతి: కష్టంలో కడుపు నింపే నేస్తం ఎంత అవసరమో, నమ్మకం నిలిపే నేస్తమూ అంతే అవసరం.