లక్కముద్ర వేసిన గడియారం

కొత్తవీటి రాజు మల్లభూపతికి ఉన్నట్టుండి ఓ రోజు తిక్క రేగింది. "మన కోటకు పొద్దు చెప్పేది ఒక చిల్లుగిన్నా? పొరుగు రాజులు వింటే నవ్వరూ!" అన్నాడు.

ఆ చిల్లుగిన్నె కాపలా సింగమ్మది. అడుగున సన్నని చిల్లున్న రాగిగిన్నెను తొట్టినీళ్ళలో తేలేస్తుంది. అది నిండి మునిగిందా, ఒక గడియ. జేగంట మీద ఒక దెబ్బ. చిల్లు ఎంతుండాలో అడిగినవాళ్ళందరికీ చెప్పేది. మగ్గాలవాళ్ళు, పడవలవాళ్ళు తలా ఒకటి చేసుకున్నారు. ఎవరి దగ్గరా దమ్మిడీ పుచ్చుకోలేదు.

ధూర్జటయ్యకు అదే కంపరం. ఆయన ఆస్థాన యంత్రశిఖామణి. ఆ బిరుదు తనే రాసి రాజుచేత చదివించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి ఒక్క మేకు దిగ్గొట్టిన పాపాన పోలేదు. రేవులో దిగిన పరదేశి వర్తకుడి దగ్గర్నుంచి ఒక ఇత్తడి పెట్టె తెప్పించాడు. అది దానంతటదే గంట కొడుతుంది. మూత మీద లక్కముద్ర. లోపలేముందో ఎవరూ చూడకూడదు. చూస్తే ఒప్పందం చెడుతుంది. ఏటేటా కప్పం కడితేనే పెట్టె కొలువులో ఉంటుంది.

"ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది ప్రభూ? ఆ గిన్నెనూ, దీన్నీ కలిపి ఏట్లో పారేయించండి" అన్నాడు సింగమ్మ వైపు ముక్కు చిట్లించి.

సింగమ్మది ఇరవై ఏళ్ళ కొలువు. ఇది పోతే గంజికి కూడా దారి లేదు. అయినా తొణకలేదు.

"నిజమే దొరా. నా గిన్నెకు పొద్దస్తమానం మనిషి కూర్చోవాలి, పెట్టెకు ఆ బాధ లేదు. ఒక్క రోజు పరీక్ష పెట్టండి. రేపు నా జేగంట మోగించను, కోటలో భోజనాలు కూడా పెట్టె గంటకే."

ధూర్జటయ్య పొంగిపోయాడు. "అంతేనా! అది మధ్యాహ్నం గంట కొట్టకముందే మెతుకు ముట్టినవాడి పదవి ఊడాలి. ఆజ్ఞ వేయండి ప్రభూ!"

ఆజ్ఞ పడింది.

మర్నాడు ముసురు. సూర్యుడి జాడే లేదు. పొద్దున పెట్టె ముచ్చటగా మూడుసార్లు మోగి, ఆ తర్వాత నోరు మూసుకుంది. చెమ్మ తగిలిందో, చీమ దూరిందో!

విస్తళ్ళలో గుత్తివంకాయ చల్లారింది. పప్పు మీద నెయ్యి పేరుకుంది. రాజుగారి కడుపులో ఎలుకలు పరిగెత్తాయి.

"తెరిచి చూడవయ్యా!"

"ముద్ర పగిలితే వర్తకుడు పూచీపడడు ప్రభూ. కబురంపాను. అతని మనిషి నెలాఖరుకు..."

"అయితే నెలాఖరుకు తిందామా అన్నం?"

ధూర్జటయ్య పెట్టెను తట్టాడు, ఊపాడు, దండం కూడా పెట్టాడు. ఉహూఁ. ఆ ఉక్రోషమంతా సింగమ్మ మీదికి మళ్ళింది. "ఏమే, నవ్వుతున్నావ్? నీ గిన్నె ఎన్నడూ చెడలేదా?"

"చెడకేం! పొద్దున్నే చిల్లుకు పాచి అడ్డుపడింది. పూలమ్మే సూరమ్మ పోతూపోతూ చూసి, చీపురుపుల్లతో పొడిచి బాగుచేసిపోయింది."

"ఇంతకీ ఇప్పుడు పొద్దెంతయింది సింగమ్మా?" రాజు అడిగాడు.

"మధ్యాహ్నం దాటి ఏడు గడియలు దొరా. కానీ ఊరికే చెప్పిన మాట, చెల్లుతుందో లేదో!"

రాజు ధూర్జటయ్య వైపు తిరిగాడు. "ఆజ్ఞ అడిగి వేయించుకున్నది నువ్వు. రద్దు చేయమని కూడా నువ్వే అడగాలి."

"ఉపవాసం... ఒంటికి మంచిదే ప్రభూ" నసిగాడు ధూర్జటయ్య. సరిగ్గా అప్పుడే సభంతా వినేలా ఆయన పొట్ట గుర్రుమంది.

సింగమ్మ చేతులు జోడించింది.

"అయ్యవారూ, పొద్దును పెట్టెలో పెట్టించారు, బాగుంది. ఆకలిక్కూడా లక్కముద్ర వేయించుకు రావలసింది!"

సభ గొల్లుమంది. ధూర్జటయ్య ఇక ఆగలేదు. పంచె ఎగ్గట్టి తొట్టి దగ్గరికి ఉరికి, కొయ్యసుత్తి లాక్కుని జేగంట అదిరిపోయేలా బాదాడు. "మధ్యాహ్నమైంది! గిన్నె చెప్పింది! వడ్డించండి బాబూ!"

రాజు పొలమారేంతగా నవ్వాడు. "సింగమ్మా, ఈ కొలువు నీకు బతికినంతకాలం. దానితోపాటు రెండెకరాల మాన్యం. ధూర్జటయ్యా, నీకూ బహుమానముందయ్యా! ఆ పెట్టె నీదే. ఏటేటా దాని కప్పం కూడా నీదే!"