పెద్దల గొంతు పలికిన వెదురు

అనగనగా ఏడు సముద్రాల అవతల ఒక దీవి. ఆ దీవికో రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. అక్కడ రెండు వెదురు పిల్లనగ్రోవులు ఉండేవి. రెండూ కలిపి ఊదితే చనిపోయిన పెద్దల గొంతు వినిపించేది. ఆ గొంతు వింటేనే ఊరివాళ్ళు తిని బతికే పెండలం దుంప మొలకెత్తేది.

ఒకనాడు మాటూ అనే మాంత్రికుడు ఆ గ్రోవుల్లో ఒకటి ఎత్తుకుపోయాడు. పెండలం మొలవలేదు. పిల్లలు ఆకలికి ఏడ్చారు. పెద్ద కొడుకు పడవెక్కి వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు.

"నేను వెళ్తాను నాన్నా" అన్నాడు మూడోవాడు తానో.

"ఉన్నది నువ్వొక్కడివేరా!"

"ఊరంతా పస్తులుంటే నేనొక్కణ్ణి ఉండి ఏం లాభం?"

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. ఒడ్డున ఒక ఎండ్రకాయ రాళ్ళ సందులో ఇరుక్కుని ఉంటే బయటికి తీశాడు.

"బాబూ, మాటూ తన ప్రాణం ఆ గ్రోవిలోనే దాచుకున్నాడు. అది పలికితే చస్తాడు. నోటితో ఊదినవాళ్ళు మాత్రం రాళ్ళైపోతున్నారు. మీ అన్నలూ అంతే" అంది ఎండ్రకాయ.

నోటితో కాకపోతే ఊపిరి ఇంకెక్కణ్ణుంచి వస్తుంది? తానో దారి పొడుగునా అదే ఆలోచించాడు.

మాటూ ఇంటికి చేరి గ్రోవి ఇమ్మని అడిగితే మాటూ నవ్వాడు. "మూడుసార్లు ఊదు. పలికితే పట్టుకుపో. లేకపోతే రాయివే."

తానో గ్రోవిని ముక్కుకు ఆనించాడు. మాటూ నవ్వు ఆగిపోయింది. కానీ గాలి బుస్సుమంది, అంతే. పాదాలు రాయైపోయాయి. రెండోసారి ఊదాడు. నడుం దాకా రాయైంది. అయినా గ్రోవి వదల్లేదు.

మూలన తాళ్ళతో కట్టేసి ఉన్న లూపే అనే పిల్ల అరిచింది: "ఒక ముక్కుపుటం మూసుకో! బొటనవేలితో!"

మూసుకున్నాడు. ఉన్న ఊపిరంతా పోసి ఊదాడు. వెదురు సన్నగా పలికింది. మాటూ గిలగిలా కొట్టుకుని బూడిదైపోయాడు. తానో కాళ్ళు కదిలాయి. వాకిట్లో రెండు రాళ్ళు ఒళ్ళు విరుచుకుని అన్నలై లేచాయి.

తానో తాళ్ళు విప్పాడు. "నీకెలా తెలుసు?"

"మా అమ్మ అలాగే ఊదేది. అందుకే మాటూ నన్ను గ్రోవి దగ్గరికే రానిచ్చేవాడు కాదు."

"మా దీవికొస్తావా? నన్ను పెళ్ళాడతావా?"

"రోజూ ఊదనిస్తే వస్తాను" అంది లూపే.

వాళ్ళ పెళ్ళిలో ఇద్దరూ చెరో గ్రోవి కలిసి ఊదితే పెద్దల గొంతు వినిపించింది, పెండలం తీగలు పందిళ్ళెక్కాయి. ఆ ఇద్దరూ జుట్టు నెరిసేదాకా దీవిని చల్లగా ఏలారు. వాళ్ళ పిల్లలకైతే పాలు మానకముందే ముక్కుతో పాట ఊదడం వచ్చేసిందట!